విమాన కంపెనీల దివాలా – పింఛను ఎవరిది?

(స్త్రీల హక్కులపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పైలట్ల పింఛన్ల గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహకుల్లో ఒకరిద్దరు ముఖముఖాలు చూసుకున్నారు. బీడీ కార్మికుల పింఛను, ఒంటరి స్త్రీల పింఛను గురించి మాట్లాడవలసింది ఇంత ఉండగా లక్షల జీతం తీసుకునే మగవాళ్ళ గోడు మనకెందుకని వాళ్ళ సందేహం. సబబైన సందేహమే. అయితే పింఛను అన్నది యజమాని దయా, లేక కార్మికులు దాచిపెట్టుకున్న జీతమా అనే ప్రశ్న అమెరికా విమాన కంపెనీల దివాలా కేసుల్లో చాలా నగ్నంగా బయటపడింది. పైగా ఆ కేసులను ఓపిగ్గా చదివితే పైలట్ పక్కన ఇద్దరు స్త్రీలు కనబడతారు. ఒకామె అదే విమానంలో పనిచేసే ఎయిర్ హోస్టెస్. రెండో ఆమె పైలట్ ఇంట్లో ఉన్న భార్య. నేను ముఖ్యంగా వీళ్ళిద్దరి గురించి చెప్పాలనుకుంటున్నాను.

ముందు జరిగిందేమిటో చూద్దాం. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 2002 డిసెంబరులో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. మనకి దివాలా అంటే దుకాణానికి తాళం పడటం. అమెరికాలో ఈ రకం దివాలాలో విమానాలు తిరుగుతూనే ఉంటాయి, టిక్కెట్లు అమ్ముడుపోతూనే ఉంటాయి. కోర్టు నీడలో కూర్చుని కంపెనీ తన పాత బాకీలను, పాత ఒప్పందాలను తిరగరాసుకుంటుంది. యునైటెడ్ ముందు జీతాలు కోసింది. 2004 జూలైలో పింఛను నిధులకు జమకట్టడం ఆపేసింది. 2005 మే నెలలో నాలుగు పింఛను పథకాలనూ వదిలించుకోవడానికి కోర్టు అనుమతిచ్చింది. పైలట్లు, ఎయిర్ హోస్టెస్‌లు, మెకానిక్కులు, ఆఫీసు సిబ్బంది, అప్పటికే రిటైరైనవాళ్ళు అంతా కలిసి దాదాపు 1,20,000 మంది. నిధుల్లో ఉన్న లోటు 980 కోట్ల డాలర్లు. అందులో 660 కోట్లు ప్రభుత్వ పింఛను బీమా సంస్థ నెత్తిన పడ్డాయి. మిగిలిన 320 కోట్లు పనిచేసినవాళ్ళ నష్టం. దివాలా నుంచి 2006లో బయటపడిన కొత్త కంపెనీలో 8 శాతం వాటాలు దాదాపు 400 మంది మేనేజర్లకు కేటాయించారు. దీనిమీద నేను వ్యాఖ్యానించనక్కరలేదు.

ఇంత లోటు ఎలా వచ్చింది? ఉద్యోగికి ఫలానా వయసు నుంచి ఫలానా మొత్తం ఇస్తానని కంపెనీ మాట ఇస్తుంది. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఏటా నిధిలో డబ్బు వేయాలి. ఆ నిధిని షేర్లలోనూ బాండ్లలోనూ పెడతారు. షేర్లు పెరిగే రోజుల్లో నిధి నిండుకుండలా కనబడుతుంది కాబట్టి కంపెనీ జమ తగ్గించుకుంటుంది. షేర్లు పడిపోయినప్పుడు జమ పెంచాలి. కానీ సరిగ్గా అప్పుడే కంపెనీ చేతిలో డబ్బుండదు. 1963లో స్టూడీబేకర్ అనే కార్ల కంపెనీ ఇండియానా రాష్ట్రంలో ఫ్యాక్టరీ మూసినప్పుడు వేలమంది కార్మికుల పింఛన్లు ఇలాగే గాలిలో కలిసిపోయాయి. ఆ గొడవ ఫలితంగానే 1974లో అమెరికాలో పింఛను రక్షణ చట్టం, దానితోపాటు బీమా సంస్థ వచ్చాయి.

బీమాకి పరిమితి ఉంది. 2005లో 65 ఏళ్ళకు రిటైరయ్యేవారికి ఏడాదికి గరిష్ఠం సుమారు 45,600 డాలర్లు. 60 ఏళ్ళకే రిటైరైతే సుమారు 29,600. ఇక్కడొక విచిత్రం చూడండి. అప్పట్లో అమెరికా ప్రభుత్వ నిబంధన ప్రకారం విమాన కంపెనీ పైలట్ 60 దాటితే విమానం నడపకూడదు. 2007 డిసెంబరులో గాని దాన్ని 65కి పెంచలేదు. ప్రభుత్వంలో ఒక శాఖ 60కే ఇంటికి పొమ్మంది, మరో సంస్థ తొందరగా ఇంటికెళ్ళావు కాబట్టి నీకు తక్కువ అంది. పైలట్లకు నిజంగానే అన్యాయం జరిగింది. అది కాదనడానికి నేనిక్కడికి రాలేదు.

ఇక ఎయిర్ హోస్టెస్ సంగతి. ఆమె పింఛను చిన్నది. బీమా పరిమితికి లోబడే ఉంటుంది కాబట్టి, డాలర్ల లెక్కలో ఆమె నష్టం పైలట్ నష్టమంత పెద్దదిగా కనబడదు. పత్రికలు పైలట్ల ఫొటోలు వేయడానికి అదొక కారణం. అయితే ఆమె పింఛను మొదటినుంచీ ఎందుకు చిన్నది? జీతం తక్కువ కావడం ఒకటి. సర్వీసు ముక్కలు కావడం రెండోది. ఈ రెండోదాన్ని కొంచెం విప్పి చెప్పాలి. యునైటెడ్‌లో 1960లలో పెళ్ళయిన స్త్రీకి ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం ఉండేది కాదు. కరోలిన్ ఎవాన్స్ అనే ఆమె 1968లో పెళ్ళి చేసుకుంది, రాజీనామా చేయవలసి వచ్చింది. ఆ నిబంధన చట్టవిరుద్ధమని తర్వాత కోర్టులే తేల్చాయి. 1972లో ఆమెను మళ్ళీ తీసుకున్నారు, కానీ కొత్త ఉద్యోగిగా. నా పాత సర్వీసు నాకు కలపండి అని ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1977లో కోర్టు ఆమెకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. సకాలంలో ఫిర్యాదు చేయలేదు కాబట్టి ఆ పాత అన్యాయం ఇప్పుడు చరిత్రే గాని కేసు కాదన్నది ఆ తీర్పు సారాంశం. పింఛను లెక్కల్లో సర్వీసే సర్వస్వం. పెళ్ళి పేరుతో పోయిన ఏళ్ళు ఏ బీమా సంస్థ పట్టికలోనూ లోటుగా నమోదు కావు. మన దేశంలోనూ నర్గేష్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు మొదటి గర్భంతో ఉద్యోగం తీసేసే నిబంధనను కొట్టేసింది గాని, సర్వీసులో చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకోకూడదన్న నిబంధనను అలాగే ఉంచింది.

ఇప్పుడు పైలట్ ఇంటికి వెళదాం. భర్త నెలల్లో సగం రోజులు ఆకాశంలో ఉంటే పిల్లల్ని, ముసలివాళ్ళని, ఇంటిని చూసుకున్న స్త్రీకి ఆ పింఛనులో వాటా ఉందా? అమెరికాలో 1984 దాకా, భర్త తను పోయాక భార్యకు రావలసిన పింఛనును ఆమెకు చెప్పకుండానే వదులుకోవచ్చు. బతికినన్నాళ్ళూ తనకి నెలనెలా ఇంకాస్త ఎక్కువ వస్తుందని సంతకం పెట్టేవాడు. ఆయన పోయాక గాని ఆ సంగతి ఆమెకు తెలిసేది కాదు. 1984లో వచ్చిన చట్టం భార్య రాతపూర్వక అంగీకారం తప్పనిసరి చేసింది. విడాకులప్పుడు కోర్టు పింఛనులో భాగం పంచితే పథకం నేరుగా ఆమెకే చెల్లించాలని కూడా చెప్పింది. స్త్రీలు పోరాడి తెచ్చుకున్న చట్టం ఇది.

దీని తర్వాతి కథ నాకు ఎంతో ఆసక్తికరంగా అనిపించింది. కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్‌లో కొందరు పైలట్లు ఇతర కంపెనీల్లో పింఛన్లు పోవడం చూసి భయపడ్డారు. ఉద్యోగంలో ఉండగా తమ పింఛను మొత్తాన్ని ఒకేసారి తీసుకునే వీలు లేదు. విడాకులు పొందిన భార్యకు మాత్రం ఆ వీలుంది. దాంతో తొమ్మిదిమంది పైలట్లు భార్యలకు విడాకులిచ్చారు. టెక్సాస్ కోర్టుల ద్వారా పింఛను మొత్తాన్ని, ఒక కేసులో 90 శాతాన్ని, భార్యల పేర రాయించారు. భార్యలు డబ్బు తీసుకున్నారు. ఆ తర్వాత ఆ జంటలు మళ్ళీ పెళ్ళిళ్ళు చేసుకున్నాయి. ఇవి దొంగ విడాకులని కంపెనీ దావా వేసింది. విడాకుల వెనక ఉద్దేశం ఏమిటని ఆరా తీసే హక్కు పింఛను పథకానికి లేదని 2011లో అప్పీలు కోర్టు తీర్పిచ్చింది.

పత్రికలు దీన్ని నవ్వులాటగా రాశాయి. నాకు కనబడింది వేరు. మామూలు రోజుల్లో భార్య వాటా ఎంత అంటే సగానికే బేరాలాడే సమాజం, దివాలా భయం పట్టుకున్న రోజున నూటికి నూరుపాళ్ళు ఆమెదే అని కోర్టులో ఒప్పుకుంది! ఆమె తిరిగి పెళ్ళికి ఒప్పుకోకపోతే ఆయన చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. భార్యలు తరతరాలుగా బతుకుతున్న అభద్రత అది. ఆయనకు కొన్ని నెలలపాటు రుచి తెలిసింది.

మన దగ్గరికి వస్తే, ఇక్కడి ప్రైవేటు విమాన కంపెనీలో చేరిన పైలట్‌కు అలాంటి పింఛనే లేదు. 1995 పింఛను స్కీములో 2014 నుంచి జీతం పరిమితి 15,000 రూపాయలు. 35 ఏళ్ళ సర్వీసు లెక్క వేసినా నెలకు 7,500. ఆ పరిమితికి మించిన జీతంతో 2014 సెప్టెంబరు తర్వాత కొత్తగా చేరినవారికి అదీ లేదు. నిజామాబాద్ బీడీ కార్మికురాలికి, పైలట్‌కి ఒకే స్కీము అంటే ఆశ్చర్యపోకండి. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవాళ్ళకూ ప్రావిడెంట్ ఫండ్ వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు చెప్పబట్టే ఆమె అందులో ఉంది.

కాబట్టి ఇక్కడ అసలు రక్షణ పి.ఎఫ్., గ్రాట్యుటీలే. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. 2016 దివాలా చట్టం ప్రకారం పంపకంలో కార్మికులకు 24 నెలల బకాయి బ్యాంకులతో సమానంగా రావాలి. ‘కార్మికులు’ అన్న నిర్వచనంలోకి రాని ఉద్యోగులు వాళ్ళ తర్వాత, అదీ 12 నెలలకే. పి.ఎఫ్., గ్రాట్యుటీ నిధులు పంపకంలోకి రావు, వాటిని విడిగా చెల్లించాలి. అంత స్పష్టంగా రాసి ఉన్నా, ఆ బకాయిలు పూర్తిగా ఇవ్వాలని 2022 అక్టోబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ చెప్పవలసి వచ్చింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోనంది. కొత్త యజమానులు వస్తారన్న పథకం నిలవక, 2024 నవంబరులో కంపెనీని అమ్మేసి బాకీలు తీర్చమని అదే కోర్టు ఆదేశించింది. ఈ అయిదున్నరేళ్ళూ ఆ ఇళ్ళు ఎవరి నగలతో, ఎవరి జీతంతో, ఎవరి పుట్టింటి సాయంతో నడిచాయో ఏ కోర్టు కాగితంలోనూ ఉండదు. పరిశోధకులుగా మనం సేకరించవలసిన లెక్క అది.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. మన దేశంలో భర్త పి.ఎఫ్. తీసేసుకోవడానికి భార్య సంతకం అక్కరలేదు. ఆమెకు తెలియజేయనక్కరా లేదు. అమెరికా స్త్రీలు 1984లో సాధించిన ఆ ఒక్క నిబంధన కోసం మనమింకా గట్టిగా అడగనేలేదు. మధ్యాహ్నం తీర్మానాల మీద చర్చ ఉందన్నారు. ‘భార్య లిఖితపూర్వక అంగీకారం లేనిదే పి.ఎఫ్. పూర్తి మొత్తం చెల్లించరాదు’ అన్న వాక్యాన్ని నేను రాసి తెచ్చాను. తనను వదిలేసిన భర్త సంతకం కోసం ఉద్యోగం చేసే స్త్రీ తిరగవలసి రాకుండా దాన్ని ఎలా మార్చాలో లాయర్లు చెప్పాలి.