చేప పట్టిందెవరు?



మొన్న వేసవిలో మా అత్తవారి ఊరు వెళ్లాం. చెరువులో నీళ్లు తగ్గాయని వినగానే మా వారికి పూనకం వచ్చింది. పొద్దున్నే గాలం పుచ్చుకుని వెళ్లి, సాయంత్రానికి ఒక్క కొర్రమీనుతో తిరిగొచ్చారు. "కిలోన్నర ఉంటుందోయ్!" అన్నారు. తూస్తే ముప్పావు కిలో!

కొర్రమీనంటే మాటలా? 2016లో తెలంగాణ రాష్ట్ర చేప అయింది. పైగా గాలి పీల్చే జాతి, ఒడ్డున పడేసినా ఓ పట్టాన చావదు. బిందెలోంచి ఎగిరి పెరడంతా ప్రదక్షిణం మొదలెట్టింది. వేటగాడు అరుగెక్కారు!

నేనే గుప్పెడు పొయ్యి బూడిద జల్లి, తల అదిమి పట్టాను. బూడిద లేకపోతే ఆ జారుడు ఒళ్లు చేతికి చిక్కదు. కోశాక రాళ్లుప్పుతో రుద్ది, జిగురు పోయేదాకా కడిగి, చింతపండు పులుసు పెట్టాను. గరిటె పెట్టకుండా గిన్నెనే పట్టుకు తిప్పితే ముక్క విరగదు సుమండీ.

చేపల పులుసు మర్నాటికే రుచి. కాని మిగిలితేగా! "నేను పట్టిన చేప" అంటూ ఆయన ఇరుగుపొరుగులందరికీ కొసరి కొసరి వడ్డించారు. ఎవరూ వంట మాటెత్తలేదు. చివరికి నాకు దక్కింది తోక ముక్క.

అందుకే ఈసారి గాలం నేను పడతాను. బూడిద చేట ఆయన చేతికిస్తాను. అప్పుడు తెలుస్తుంది, చేప పట్టడమంటే ఏమిటో!