వట్టిపోయిన ఆవు వ్యర్థమా?



కఠోపనిషత్తు ఒక దానముతో ఆరంభమగుచున్నది. వాజశ్రవసుడు యాగము చేసి సర్వస్వమును దక్షిణగా ఒసంగుచుండెను. తోలుకొని పోవుచున్న గోవులను బాలుడైన నచికేతుడు చూచెను. అవి మేత మేయు శక్తి ఉడిగి, పాలు ఇంకిపోయి, ఇక ఈనలేని ముసలి గోవులు. ఇట్టి దానము తండ్రికి కీడు చేయునని ఆ పసి హృదయము తల్లడిల్లెను.

ఈ కథ వినునప్పుడు మనమందరము నచికేతుని పక్షమున నిలుతుము. కాని మన దొడ్డిలోనికి ఒకసారి చూతము. ట్రాక్టరు వచ్చినది, కోడెదూడకు పని పోయినది. సింహాచలమున అప్పన్నకు కోడెదూడను సమర్పించు మ్రొక్కు ఉన్నది. వేములవాడలో రాజన్నకు కోడెను కట్టు మ్రొక్కు ఉన్నది. ఇవి పవిత్రాచారములు. ఇంటిలోని మేలైనదానిని స్వామికి అర్పించుటయే వీని హృదయము. తల్లిపాలు మరువని దూడను మేపలేక, వదిలించుకొనుటకై గుడి వాకిట విడిచినచో అది మ్రొక్కగునా? వాజశ్రవసుని దానమే యగును.

మన పూర్వులు పశువును ఎట్లు చూచిరి? కృషిపరాశరమను సంస్కృత గ్రంథమున ఈ విషయమున్నది. ఒక నాగలికి ఎనిమిది ఎడ్లుండుట ధర్మము, ఆరు జీవనార్థులకు, నాలుగు నిర్దయులకు, రెంటితోనే దున్నువాడు గోభక్షకునితో సమానుడు. ఎడ్లకు మార్చి మార్చి విశ్రాంతి దొరకవలెనని దీని భావము. ఎరువు విధానమును అందే కలదు. మాఘమున పేడకుప్పను పూజించి, త్రవ్వి, ఎండించి, పొడిచేసి, ఫాల్గుణమున పొలములోని గుంటలలో నింపి, విత్తు వేళ చల్లవలెను. ఎరువు లేని పైరు పెరుగును గాని ఫలింపదని హెచ్చరిక. పూజ వెంటనే పారపట్టుట చెప్పబడినది, గమనింపుడు.

నేడు ప్రకృతి సేద్యము ఆ మార్గమునే మరల చూపుచున్నది. 2016లో పద్మశ్రీ పొందిన సుభాష్ పాలేకర్ గారు ప్రచారము చేసిన జీవామృతమును ఆంధ్రప్రదేశమున రైతు సాధికార సంస్థ రైతులకు నేర్పుచున్నది. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 5 నుండి 10 లీటర్ల గోమూత్రము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుధాన్యపు పిండి, గుప్పెడు గట్టుమట్టి కలిపి, నీడన ఉంచి, ఉదయ సాయంత్రములు కర్రతో త్రిప్పుచు 48 గంటలు పులియనీయవలెను. అది ఒక ఎకరమునకు సరిపోవును. బెల్లమును పిండియు సూక్ష్మజీవులకు ఆహారము. పాలకు తోడు ఎట్టిదో, నేలకు జీవామృతము అట్టిది. నేలను ఆకులతో, గడ్డితో కప్పియుంచినచో ఆ జీవులకు తేమయు తిండియు దొరకును.

ఈ కొలతలలో పాలు ఎక్కడను లేవు! వట్టిపోయిన ఆవును పేడ వేయును. ముసలి ఎద్దును మూత్రము విడుచును. పాలొక్కటే లెక్కించువానికి ఆ పశువు భారము. నేలను లెక్కించువానికి అది ఆస్తి.

అయితే ఇది మంత్రము కాదు. రసాయనములకు అలవాటుపడిన నేల కోలుకొనుటకు కాలము పట్టును. తొలి పంటలలో దిగుబడి తగ్గవచ్చును. కనుక ఒక మడితో ఆరంభింపుడు. మేత ఖర్చు భారమందురా? ఒక్క ఆవుతో 30 ఎకరములు సాగు చేయవచ్చునని పాలేకర్ గారి మాట. అందులో సగమే నిజమనుకొన్నను, నలుగురు చిన్నరైతులు కలిసి ఒక పశువును పోషింపవచ్చును గదా! సేద్యము లేనివారు గోశాలకు దూడను ఇచ్చునప్పుడు దాని గ్రాసమునకును ఇయ్యుడు.

నచికేతుడు ఆనాడు చూచినట్లే మన బిడ్డలు నేడు మనలను చూచుచున్నారు. కనుమనాడు కొమ్ములకు పూసిన రంగును వారు మరతురేమో గాని, ఆ పశువు ముసలిదైననాడు మనమేమి చేసితిమో మరువరు. వారి యెదుట తలవంచుకొనని దానము చేయు బుద్ధిని ఆ గోపాలుడు మనకు ప్రసాదించుగాక!

స్వస్తి.