ఎండలో రన్నింగ్... విటమిన్ మాత్ర కాపాడుతుందా?

రంపచోడవరంలో గ్రౌండ్ దగ్గర ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్లు 8 నిమిషాల్లో కొట్టాలి. విటమిన్ సి, ఇ మాత్రలు వేసుకుంటే మిట్టమధ్యాహ్నం కూడా పరిగెత్తొచ్చంట కదా?"

లేదు తమ్ముడూ. గట్టిగా పరిగెడితే, అందులోనూ ఎండలో, ఒంట్లో ఫ్రీ రాడికల్స్ పెరుగుతాయి, నిజమే. కానీ కండరాలకి "ఇంకా గట్టిపడు" అని కబురు పంపేది కొంతవరకు అవే! 2009లో వచ్చిన ఒక జర్మనీ పరిశోధనలో కుర్రాళ్లతో 4 వారాలు వ్యాయామం చేయించారు. కొందరికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. మాత్రలు వేసుకోనివాళ్లకి ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలైంది. వేసుకున్నవాళ్లకి ఆ లాభమే రాలేదు. డబ్బులిచ్చి మరీ పోగొట్టుకున్నట్టు!

ఇక వడదెబ్బని ఏ విటమిన్ మాత్రా ఆపదు. తెల్లారకముందే పరిగెత్తు. వేడికి ఒళ్లు అలవాటుపడాలంటే 10 నుంచి 14 రోజులు పడుతుంది, మెల్లగా పెంచు. ఉప్పేసిన మజ్జిగ తాగు. విటమిన్ సి కావాలా, మన కొండల్లో ఉసిరికాయలున్నాయి.

పక్కనోడు తూలుతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే ఆగొద్దు. నీడలోకి తెచ్చి ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ లేకపోతే నోట్లో మాత్రం నీళ్లు పోయకండి.