గ్యాసేలే అనుకునే ముందు

2023 మార్చిలో సుస్మితా సేన్ తనకు గుండెపోటు వచ్చిందనీ, యాంజియోప్లాస్టీ చేసి స్టెంట్ వేశారనీ చెప్పారు. హైదరాబాద్‌లో పుట్టిన ఈ మాజీ విశ్వసుందరికి అప్పటికి 47 ఏళ్లు. వ్యాయామం మానని మనిషి! ప్రధాన రక్తనాళం 95 శాతం మూసుకుపోయిందట. సమయానికి ఆదుకున్నవాళ్లను ఆ మొదటి కబురులోనే తలుచుకున్నారు.

రక్తనాళం లోపల పేరుకున్న కొవ్వు చిట్లితే అక్కడ రక్తం గడ్డకడుతుంది. రక్తం అందని గుండె కండరం నిమిషనిమిషానికీ చచ్చుబడుతుంది. ఛాతీ నొప్పి అంటే మనమేమో గ్యాసేలే అని సోడా తాగిస్తాం. నొప్పి ఛాతీలోనే ఉండాలని లేదు. చెయ్యి, దవడ, వీపు లాగొచ్చు. ఆడవాళ్లలో, షుగరున్నవాళ్లలో ఒక్కోసారి ఆయాసం, చెమటలే కనిపిస్తాయి. వెంటనే 108కి ఫోన్ చేయండి. రోగిని స్కూటరెక్కించి తీసుకెళ్లొద్దు.

బతికి బయటపడ్డవాళ్లు డాక్టరుకు దండం పెడతారు, న్యాయమే. నన్నడిగితే, వద్దన్నా వినకుండా ఆసుపత్రికి లాక్కెళ్లిన ఇల్లాలికో, పక్కింటి కుర్రాడికో ముందు పెట్టాలి. ఇక మాత్రల సంగతి. స్టెంట్ పడ్డాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందుల్ని, ఒంట్లో బాగానే ఉందికదా అని సొంతంగా ఆపేస్తే ఆ స్టెంటే మూసుకుపోవచ్చు. ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి.