మందు చల్లే డ్రోను – దాని అవయవాలు



జోరీగలాగా రొద చేస్తూ పొలం మీద మందు చల్లిపోయే డ్రోనును మీలో చాలామంది చూచే ఉంటారు. అద్దెకు పిలిపించుకొన్నవారూ ఉన్నారు. అయితే గట్టున నిలబడి చోద్యం చూడటమే గాని, దగ్గరకు పోయి అందులో ఏమున్నదని అడిగినవారు తక్కువ. డబ్బు మీది, పంట మీది. అడగండి, తప్పులేదు.

పట్నాల్లో సరదాకు ఎగురవేసే రేడియో విమానమూ, ఇదీ ఒక ఇంటి బిడ్డలే. రెంటిలోనూ బ్యాటరీ, మోటారు, ఫ్యాను, మోటారు వేగాన్ని దిద్దే చిన్న పెట్టె, మనిషి చేతిలో ట్రాన్స్‌మిటరు, దాని మాట వినే రిసీవరు ఉంటాయి. తేడా ఒక్కటే. ఆ విమానానికి రెక్కలున్నవి. మోటారు ఆగినా గద్దలాగా తేలుతూ దిగగలదు. మన డ్రోనుకు రెక్కలు లేవు. ఫ్యాన్లు గాలిని కిందికి నెట్టినంతసేపే అది పైన ఉంటుంది. అవి ఆగినాయా, టాంకులో ఉన్న మందుతో సహా రాయిలాగా పడుతుంది.

ఫ్యాన్లు నాలుగో ఆరో ఉంటాయి. పక్కపక్కవి ఒకే వైపు తిరగవు. ఒకటి గడియారం ముల్లు తిరిగే వైపు, రెండోది దానికి ఎదురు. బోల్టులు బిగించని నీళ్ళ మోటారు స్విచ్చి వేయగానే ఎదురు వైపుకు ఎగిరిపడటం మీకు తెలిసిందే. అన్ని ఫ్యాన్లూ ఒకే వైపు తిరిగితే డ్రోను కూడా అట్లే గిరగిర తిరిగిపోతుంది. ఒక ఫ్యాను స్థానంలో దాని ఎదురుది బిగిస్తే లేచీ లేవకముందే తలకిందులవుతుంది. అంచు పగిలినది, బీటపడినది అసలే పనికిరాదు.

మోటారులో బొగ్గు బ్రష్షులుండవు. మూడు తీగలు వస్తాయి. త్రీఫేజు మోటారుకు ఏ రెండు తీగలు మార్చినా తిరుగుడు మారినట్లే ఇక్కడా మారుతుంది. కాబట్టి రిపేరు చేసి తెచ్చిన డ్రోనును మొదట ఫ్యాన్లు ఊడదీసి తిప్పి చూడవలెను.

ఇక బ్యాటరీ. నన్నడిగితే, అన్నిటిలోనూ కనిపెట్టి చూడవలసినది ఇదే. ట్రాక్టరు బ్యాటరీలాగా ఇందులో ఆసిడ్ నీళ్ళు ఉండవు. ఇది లిథియం పాలిమర్ రకం. ఒక్కొక్క గది నిండుగా ఉంటే 4.2 వోల్టులు. 12 గదులుంటే మొత్తం 50 వోల్టులు దాటుతుంది. పూర్తిగా పీల్చేస్తే పాడవుతుంది. అతిగా ఎక్కిస్తే మండుతుంది. పూరీలాగా ఉబ్బిన బ్యాటరీని చూస్తే, "ఇది మా పొలంలో వద్దు బాబూ" అని నిర్మొహమాటంగా చెప్పండి. బరువుతో ఎగిరినప్పుడు ఇది నిలిచేది నిమిషాల లెక్కే. "ఎన్ని సెట్లు తెచ్చావు?" అని అడగండి. రెండే తెచ్చినవాడు వేడి చల్లారకముందే మళ్ళీ చార్జింగు పెడతాడు. గడ్డివాము దగ్గరగాని, ఇంట్లో మంచం పక్కన రాత్రంతాగాని చార్జింగు పెట్టనివ్వవద్దు.

డ్రోను నడుమ ఉండే చిన్న పెట్టె దాని మెదడు. ఒరిగితే సరిచేసేది, దిక్కు చూచేది అదే. పక్కన ట్రాక్టరు, ఇనుపరేకులు ఉంటే అందులోని దిక్సూచి తికమకపడుతుంది. ట్రాన్స్‌మిటరుతో సంబంధం తెగితే, బయలుదేరిన చోటికి తనంతట తాను తిరిగివచ్చేటట్లు అమర్చి ఉంటుంది. ఆ తిరుగుదారిలో కరెంటు తీగగాని, కొబ్బరిచెట్టుగాని ఉన్నదా? నడిపేవాడు ఊరికి కొత్త. మీ చేను మీకు తెలుసు. ముందే చూపించండి.

నాజిళ్ళ సంగతి. చేతిపంపుతో ఎకరానికి వంద లీటర్లకు మించి పోసే చోట డ్రోను 10 లీటర్లతోనే సరిపెడుతుంది. కనుక మందు చాలా చిక్కన. గాలి వీస్తే పొరుగువారి చేపల చెరువులోనో, పశువుల మేత మీదనో పడుతుంది. ఆ పూట ఆపించండి. అద్దె నష్టం చిన్నది.

2021 నాటి డ్రోను నిబంధనల ప్రకారం ఇటువంటి డ్రోను నడిపేవారికి పైలటు ధ్రువపత్రం ఉండవలెను. చూపించమనండి. టాంకు నింపడానికి పిల్లలను పంపవద్దు. నింపే పెద్దవారైనా ఫ్యాన్లు పూర్తిగా ఆగేదాకా దూరంగానే నిలబడవలెను.