మాటకు అర్థమొక్కటే చాలునా?

నేను కళాశాలలో చదువుకొనుచుండగా మాకు ఆంగ్లము బోధించిన మాస్టారు ఉద్యోగ విరమణ చేసిరి. వారికి సమర్పింపవలసిన సన్మానపత్రము వ్రాయు భారము నాపై పడినది. 'ఫేమస్' అను మాట మరీ చప్పగా తోచి, ఒక చిన్న ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును తిరగవేసితిని. 'నొటోరియస్' అను పదమున కెదురుగా 'పేరుమోసిన' అని యున్నది. ఇంకేమి కావలెను? మాస్టారు జిల్లా యంతట నొటోరియస్ అధ్యాపకులని వ్రాసి, అచ్చు వేయించి, నిండుసభలో నేనే చదివితిని. ముందు వరుసలోని పెద్దలు ఒకరి ముఖ మొకరు చూచుకొనిరి. మాస్టారు మాత్రము చిరునవ్వుతో దండ వేయించుకొనిరి.

సభ ముగిసిన పిమ్మట వారు నన్ను చేరబిలిచి, "నాయనా, నిఘంటువు ఆ మాటకు అర్థము చెప్పినదే గాని, అది ఎవరితో కాపురము చేయునో చెప్పలేదు. అది దొంగలతోను, జూదరులతోను తిరుగు మాట" అనిరి.

పరీక్షలకును, ఉద్యోగపు ఇంటర్వ్యూలకును కఠినపదముల పట్టికలు వల్లెవేయు యువతీయువకులను చూచినప్పుడెల్ల నా కీ సంగతి జ్ఞప్తికి వచ్చును. ఒక పదము, దానికొక అర్థము. వంద పదములకు వంద అర్థములు. వారి శ్రమ గొప్పదే. కాని ఆ మాటలు పెట్టెలో దాచిన పట్టుబట్టలవలె నుండును. కట్టుకొన బోయినప్పుడు గాని అవి తమ కొలతకు సరిపడునో లేదో తెలియదు.

మన భాషనే చూడుడు. మనకు ఆకలి వేయును, నిద్ర పట్టును, కోపము వచ్చును. క్రొత్తగా తెలుగు నేర్చినవాడు "ఆకలి పట్టినది" అనినచో మనము నవ్వుదుము. అతడు నేర్చిన అర్థములలో తప్పు లేదు. ఏ మాటకు ఏ మాట తోడో తెలియలేదు, అంతే. ఇంగ్లీషువారు చిక్కని టీని 'స్ట్రాంగ్' అందురు గాని 'పవర్‌ఫుల్' అనరు. ఇట్టి చెలిమిని నేర్పునది ఉదాహరణ వాక్యమే.

గొప్ప నిఘంటుకారు లీ రహస్యము నెరిగినవారు. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో 42,000కు పైగా పదములున్నవి. వాటికి సాక్ష్యముగా లక్షకు మించిన ఉదాహరణ లున్నవి. 1852లో అచ్చయిన తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో సి. పి. బ్రౌను దొరయు మన కవుల ప్రయోగములను చూపెను. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్టు, 1935లో, 1,490 సులభపదములతోనే దాదాపు 24,000 పదములకును పదబంధములకును అర్థములు చెప్పిన నిఘంటువును ప్రకటించెను. ఇంగ్లీషు మాటను సులభమైన ఇంగ్లీషులోనే గ్రహింపవచ్చునని అది రుజువు చేసినది. జపానులో ఆంగ్లము బోధించిన హార్న్‌బీ, మరి యిద్దరితో కూడి, విద్యార్థులకు వాక్యప్రయోగము నేర్పు నిఘంటువును కూర్చెను. అది 1942లో టోక్యోలో వెలువడి, 1948లో ఆక్స్‌ఫర్డు ముద్రణగా లోకమునకు పరిచయమైనది.

ఇక రెండు మాటలు చూతము. 'మిటిగేట్' అనగా తీవ్రతను తగ్గించుట. ఇంతమాత్రమే నేర్చినవాడు బియ్యపు ధరను కూడ మిటిగేట్ చేయును! ధరను 'రెడ్యూస్' చేయుదురు. వరద నష్టమును, ఎండబాధను మిటిగేట్ చేయుదురు. "ద ట్రీస్ మిటిగేట్ ద హీట్" అను చిన్న వాక్యము ఈ భేదమును పట్టి యిచ్చును. రెండవది 'డిసింటరెస్టెడ్'. స్వలాభాపేక్ష లేక నిష్పక్షపాతముగా నుండుట దాని జాగ్రత్తయైన ప్రయోగము. 'అనింటరెస్టెడ్' అనగా ఆసక్తి లేకుండుట. న్యాయాధిపతి మొదటి విధముగా నుండవలెను. రెండవ విధముగా నుండినచో, వాదము జరుగుచుండగా కునుకు తీయును. ఈ న్యాయాధిపతిని ఒకసారి మనస్సులో కూర్చుండబెట్టుకొన్న వారికి ఆ రెండు మాటలు మరల కలగాపులగము కావు.

కావున శ్రోతలకు నా మనవి యిది. దినమునకు ఇరువది పదములు వలదు. వారమునకు అయిదు చాలును. ఒక నోటుపుస్తకములో మొదట పదమును, దాని క్రింద సులభమైన ఇంగ్లీషులో అర్థమును, పిదప నిఘంటువు చూపిన వాక్యమును వ్రాయుడు. అటుపై మీ యింటిని, మీ వీధిని గురించి మీ సొంత వాక్య మొకటి కూర్చి, బిగ్గరగా చదువుడు. వారము గడచిన తరువాత అర్థమును మూసి, వాక్యమును మాత్రము చూచి పదమును పరీక్షించుకొనుడు. నేడు చేతిలోని ఫోనులోనే నిఘంటు వున్నది. అయినను అర్థము చూచిన వెంటనే దానిని మూసివేయక, క్రిందనున్న వాక్యమువరకు పోవుడు. పిల్లల సొంత వాక్యమును తల్లిదండ్రులు వినిన చాలును. ఆంగ్లము రాని తల్లియైనను "ఇది ఎవరిని గురించి అందురు?" అని అడుగవచ్చును. నిజమునకు అడుగవలసిన ప్రశ్న అదియే.

చాల సంవత్సరముల తరువాత నేను మాస్టారి యింటికి వెళ్లితిని. నా సన్మానపత్రము పటము కట్టబడి గోడపై వ్రేలాడుచున్నది. ఆ మాటను వారు దిద్దలేదు. "మార్చ లేదేమి మాస్టారూ?" అని అడిగితిని. "నీవు మారితివి గదా నాయనా, అది చాలును" అనిరి.