ఐపీ పెడితే ఇంట్లో ఏం మిగులుతుంది?

 

పాటలు, కూచిపూడి, గోంగూర పచ్చడి మధ్య నన్ను అప్పుల గురించి మాట్లాడమన్నారు కార్యవర్గం వారు. పెళ్ళిపందిట్లో మృత్యుంజయ హోమంలా ఉందని ఒక మిత్రుడు నవ్వాడు. అయినా ఒప్పుకున్నాను. మనవాళ్ళు షుగర్ వచ్చిందని చెప్పుకుంటారు, ఉద్యోగం పోయిందని కూడా చెప్పుకుంటారు. అప్పుల పాలయ్యామని మాత్రం కట్టుకున్నదానికి కూడా చెప్పరు. మన ఊళ్ళలో "ఫలానావాడు ఐపీ పెట్టాడట" అన్న మాట గొంతు తగ్గించి అనే మాట. ఆ సిగ్గును విమానంలో మనతోపాటు ఇక్కడికీ తెచ్చుకున్నాం.

నేను లాయర్ని కాను. ఎడిన్‌బర్గ్‌లో చాలా ఏళ్ళుగా లెక్కలు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. నేనెరిగిన ఒక కుటుంబంలో భర్త చిన్న వ్యాపారం పెట్టి, నష్టం వచ్చి, ఒక క్రెడిట్ కార్డు బాకీని ఇంకో కార్డుతో తీరుస్తూ వచ్చాడు. సంగతి బయటపడ్డాక ఆ ఇల్లాలు నన్నడిగిన మొదటి ప్రశ్న: "అన్నయ్యా, మంగళసూత్రం కూడా తీసుకుంటారా?" ఆమె భయమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. జవాబు చెప్పే ముందు రెండు పాత కథలు చెప్పాలి.

రాయల్ మైల్ చివర, హోలీరూడ్ రాజభవనం దగ్గర, రోడ్డు మీద ఇత్తడి 'ఎస్' అక్షరాలు చూసే ఉంటారు. ఆ గీత దాటి లోపలికి వెళ్ళిన బాకీదారుణ్ణి అప్పులవాళ్ళు పట్టి జైల్లో పెట్టించడానికి వీల్లేదు. రచయిత థామస్ డి క్విన్సీ కూడా 1830లలో అక్కడ తలదాచుకున్నాడు. ఆదివారం కోర్టు కాగితాలు చెల్లవు గనుక ఆ ఒక్కరోజూ వాళ్ళు ఊళ్ళోకొచ్చి అయినవాళ్ళను చూసి వెళ్ళేవారు. 1880 చట్టంతో అప్పుకు జైలు దాదాపుగా పోయింది, దాంతో ఆ గీతతో పనీ తీరింది.

రెండోది సర్ వాల్టర్ స్కాట్ కథ. 1826లో ప్రచురణకర్తలు కూలిపోవడంతో లక్ష పౌండ్లు దాటిన అప్పు ఆయన నెత్తిన పడింది. దివాలా తీయకుండా, ఆస్తిని ఋణదాతల తరఫున ట్రస్టు చేతిలో పెట్టి, రాసి తీరుస్తానన్నాడు. కాజిల్ స్ట్రీట్‌లోని ఇల్లు అమ్ముడుపోయింది. 1830లో ఆ ఋణదాతలే ఆయన పుస్తకాలూ సామానూ ఆయనకు తిరిగి ఇచ్చేశారు. రాసే మనిషికి పుస్తకాలు పనిముట్లు. పనిముట్లు లాక్కుంటే అప్పు ఎవరు తీరుస్తారు? ఈనాటి చట్టం వెనుక ఉన్న న్యాయం కూడా ఇదే.

స్కాట్లండ్‌లో దివాలాను సీక్వెస్ట్రేషన్ అంటారు. దానికి ఇప్పుడున్నది 2016 నాటి చట్టం. ఇంగ్లండులో చట్టం వేరు, పద్ధతులు వేరు. లండన్ బంధువు చెప్పింది ఎడిన్‌బర్గ్‌లో చెల్లుతుందనుకోకండి.

దివాలా ఖరారు కాగానే మీ ఆస్తి ట్రస్టీ చేతికి వెళుతుంది. వెళ్ళనివి కొన్ని ఉన్నాయి. బట్టలు, మంచాలు, పరుపులు, కుర్చీలు, బల్లలు, పొయ్యి, ఫ్రిజ్, పిల్లల ఆటబొమ్మలు, వైద్య పరికరాలు మీవే. వృత్తికి కావలసిన పనిముట్లు మొత్తం 1,000 పౌండ్ల విలువ వరకు మీవే. అవసరమైన కారు 3,000 పౌండ్లకు మించనిదైతే అదీ మీదే. ఒకప్పుడు ఈ దేశంలోనూ ఇంటి సామాను జప్తు చేసి వేలం వేసేవారు. ఎడిన్‌బర్గ్‌లో కూర్చున్న స్కాటిష్ పార్లమెంటే ఆ పద్ధతిని 2002 చివరికల్లా సాగనంపింది.

పెన్షన్ సంగతి. ఆమోదం పొందిన పెన్షన్ హక్కులకు 2000 మే 29 నుంచి రక్షణ ఉంది. అందులోంచి తీసి బ్యాంకులో వేసుకున్న డబ్బు మాత్రం మామూలు డబ్బే.

ఇల్లు ఈ పట్టికలో లేదు. తాకట్టు ఉంటే బ్యాంకు హక్కు అలాగే ఉంటుంది. అలాగని రాత్రికి రాత్రి వీధిన పడెయ్యరు. కుటుంబం ఉంటున్న ఇల్లు అమ్మాలంటే ట్రస్టీకి సంబంధించినవారి సమ్మతి గాని, షెరిఫ్ కోర్టు అనుమతి గాని ఉండాలి. భార్యాపిల్లల అవసరాలు చూసి షెరిఫ్ మూడేళ్ళ వరకు అమ్మకాన్ని వాయిదా వెయ్యవచ్చు, అసలు కాదనవచ్చు కూడా. మూడేళ్ళలో ట్రస్టీ ఏ చర్యా తీసుకోకపోతే ఇల్లు సాధారణంగా మీకే తిరిగి వస్తుంది.

ఇక మంగళసూత్రం. మన దేశంలో 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్, మతాచారం ప్రకారం స్త్రీ వదులుకోకూడని నగలను జప్తు చెయ్యరాదని స్పష్టంగా చెబుతుంది. వంటపాత్రలు, రైతు నాగలి, ఎద్దులు, విత్తనాలు కూడా అందులోనే ఉన్నాయి. స్కాట్లండ్ పట్టికలో నగల మాట లేదు. అందుకని ఆ చెల్లెలికి నేను చెప్పింది ఇది: "అమ్మా, అప్పు ఆయనది, దివాలా ఆయనది, లెక్కకొచ్చేది ఆయన ఆస్తి. నీ పుట్టింటివారు నీకు పెట్టింది నీది. నువ్వు కూడా సంతకం పెట్టిన అప్పులున్నాయేమో ముందు చూసుకో. ఏదీ దాచకు, ట్రస్టీకి ఉన్నదున్నట్టు చెప్పు."

ఈ దాచడం గురించి గట్టిగా చెప్పాలి. "ఫ్లాటు బావమరిది పేర రాసేయ్, ఎవడికి తెలుస్తుంది" అని సలహా ఇచ్చే పెద్దమనుషులు మనలో ఉన్నారు. దగ్గరివాళ్ళకు ఊరికే రాసిచ్చిన ఆస్తిని ఐదేళ్ళు వెనక్కి వెళ్ళి సవాలు చెయ్యవచ్చు. చట్టం దృష్టిలో మీ ఆస్తి అంటే ఎక్కడున్నా ఆస్తే. కూకట్‌పల్లి ఫ్లాటూ, ఊళ్ళో పొలంలో మీ వాటా కూడా చెప్పి తీరాలి. దివాలా తేదీ నుంచి నాలుగేళ్ళలోపు వారసత్వం వచ్చినా చెప్పాలి. దాస్తే అది నేరం. అప్పు నేరం కాదు.

ఆస్తి పెద్దగా లేనివారికి తేలిక దారి ఉంది. సొంత ఇల్లు లేకుండా, అప్పు 1,500 నుంచి 25,000 పౌండ్ల మధ్య ఉండి, కారు కాకుండా ఆస్తి 2,000 దాటకుండా, ఏ ఒక్క వస్తువూ 1,000 దాటకుండా ఉంటే, మిగతా షరతులకు సరిపోయినవారికి ఆరు నెలల్లో విముక్తి. మామూలు దివాలాలో విముక్తి ఏడాదికి రావచ్చు, కాని సంపాదనలోంచి 48 నెలలు కట్టవలసి రావచ్చు. దివాలా వద్దనుకుంటే, వడ్డీ ఆగి నెలనెలా అసలు తీర్చే డెట్ అరేంజ్‌మెంట్ స్కీము ఉంది. స్కాట్ దారికి దగ్గరైన ట్రస్ట్ డీడ్ కూడా ఉంది.

వీటన్నిటికన్నా ముందు చెయ్యవలసింది ఒకటుంది. మారటోరియం అడిగితే ఆరు నెలలపాటు ఋణదాతలు జప్తులకు దిగకుండా ఊపిరి దొరుకుతుంది. సిటిజన్స్ అడ్వైస్, స్టెప్‌చేంజ్ వంటి చోట్ల సలహాకు ఒక్క పెన్నీ తీసుకోరు. అంకెలు మారుతుంటాయి గనుక నా మాట మీద కాకుండా వాళ్ళ మాట మీద అడుగు వెయ్యండి.

మన సంఘాలు ఉగాది చేస్తాయి, దీపావళి చేస్తాయి. అప్పుల్లో ఉన్న ఇంటికి కూడా ఒక మనిషిని పంపగలిగితే బాగుంటుంది. డబ్బివ్వక్కర్లేదు. పక్కన కూర్చుని ఆ విప్పని ఉత్తరాలు విప్పిస్తే చాలు. రేపు ఈ హాల్లోంచి బయటికెళ్ళాక ఎవరైనా మీతో "అన్నయ్యా, ఒక మాట" అని ఆగిపోతే, మిగతా మాట మీరే అడగండి.